దయ్యం నవలకు అభిప్రాయ వ్రతకల్పం

‘గుడ్ ఓమెన్స్’ మీద గట్టి అభిప్రాయం కావాలనుకునేవారు ముందుగా పుస్తకాన్ని చేతికి అందనంత ఎత్తులో పెట్టండి. చదివితే నవ్వొస్తుంది. ఒకసారి నవ్వాక ఇక తీర్పు చెప్పడానికి నోరు పెగలదు.

కాస్త సమాచారం మాత్రం దగ్గరుంచుకోండి. 1990లో ఇంగ్లండులో వచ్చింది. రాసింది టెర్రీ ప్రాచెట్, నీల్ గైమన్. అందులో క్రౌలీ అని ఒక దయ్యం, అజిరఫేల్ అని ఒక దేవదూత. ఆరువేల ఏళ్లుగా భూమ్మీదే డ్యూటీ చేసి చేసి ఇద్దరికీ ఇక్కడి తిండి, పాటలు, పాత పుస్తకాలు అలవాటైపోయాయి. వచ్చే శనివారం ప్రపంచానికి ఆఖరి రోజని తెలిసినప్పుడు ఇద్దరికీ ఒకే బెంగ: బదిలీ అయిపోతామని. పైగా లోకాన్ని ముంచాల్సిన క్రీస్తువిరోధి, పురిటిలోనే నన్‌ల కంగారువల్ల తారుమారై, ఆక్స్‌ఫర్డ్‌షైర్ పల్లెటూళ్లో కుక్కపిల్లతో ఆడుకుంటూ పెరుగుతున్నాడు. ఇంతకంటే తెలుసుకోవడం ప్రమాదం.

ఇప్పుడు మీది ఏ తరహా అభిప్రాయమో తేల్చుకోండి. అన్నిటికన్నా తేలికైనది మనోభావాలు దెబ్బతినడం. ఈ విద్యలో ఆదర్శం 2019 నాటి అమెరికా భక్తులు. నవల టీవీ సిరీస్‌గా వచ్చినప్పుడు, దయ్యాన్ని మంచివాడిగా చూపిస్తారా, దేవుడికి ఆడగొంతు పెడతారా అని ‘రిటర్న్ టు ఆర్డర్’ అనే క్రైస్తవ బృందం ఇరవై వేలకు పైగా సంతకాలు సేకరించింది. సిరీస్‌ను వెంటనే ఆపేయమని నెట్‌ఫ్లిక్స్‌కు విన్నవించుకుంది. ఆ సిరీస్ అమెజాన్‌ది. ఇక మీదట తియ్యం అని నెట్‌ఫ్లిక్స్ వాళ్లు ట్విటర్‌లో ఎంతో వినయంగా మాటిచ్చారు కూడా. మీరు కూడా ఇదే పద్ధతి పాటించండి: ముందు సంతకం, తర్వాత విలాసం, వీలుంటే ఎప్పుడైనా విషయం. ప్రకటన గ్రంథం తిరగేసినవాళ్లకే ఇందులో సగం జోకులు అర్థమవుతాయని ఎవరైనా అంటే వినిపించుకోకండి. హర్మెగిద్దోను గురించి ఇంత శ్రద్ధగా హోంవర్కు చేసిన హాస్య నవల ఇంకోటి చూపించమని అడుగుతారు, ఇరుక్కుపోతారు.

భక్తి లేనివారు పాండిత్యంతో నెట్టుకురావచ్చు. అంతా హాస్య రచయిత డగ్లస్ ఆడమ్స్ నుంచి వచ్చిందే అని పెదవి విరవండి. తోడు కావాలంటే, నవల వచ్చిన ఏడాదే న్యూయార్క్ టైమ్స్‌లో జో క్వీనన్ దాన్ని ఉతికి ఆరేశాడని చెప్పండి. ఫుట్‌నోట్లు కథకు అడ్డం వస్తున్నాయనండి. (వస్తాయి. రావాలనే పెట్టారు.) ఆ క్రీస్తువిరోధి కుర్రాడి పిల్లల గ్యాంగు అధ్యాయాలు సాగాయనండి, ఇందులో మాత్రం కొంత నిజముంది, ఎవరూ మీతో పోట్లాడరు. చివరగా గొంతు తగ్గించి, ఫలానా వాక్యం ప్రాచెట్‌దే, గైమన్‌కు ఇంత చమత్కారం ఎక్కడిది అనండి. రచయితలిద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ, ఫ్లాపీ డిస్కులు పంపుకుంటూ, ఒకరి పేజీల్లో ఒకరు వేలు పెట్టి రాసిన పుస్తకమిది. మీ తీర్పు తప్పని ఎవరూ నిరూపించలేరు. ఇంతకంటే భద్రమైన విమర్శ లేదు.

ఇక ప్రమాదకరమైన ఫిర్యాదు ఒకటుంది: దయ్యం భయపెట్టలేదు. దీని జోలికి పోకండి, ఎందుకంటే పుస్తకం ప్రాణమంతా అక్కడే ఉంది. తోటి దయ్యాలు ఒక పాస్టరు మనసులో అనుమానం నాటామని, ఒక రాజకీయ నాయకుణ్ణి చెడగొట్టామని గొప్పలు చెప్పుకుంటుంటే, క్రౌలీ మధ్యాహ్న భోజనాలవేళ సెంట్రల్ లండన్‌లో మొబైల్ ఫోన్లన్నీ ముప్పావు గంట మూగబోయేలా చేస్తాడు. వేలమంది విసుక్కుంటారు, ఆ విసుగు ఆఫీసులో కిందివాళ్ల మీద చూపిస్తారు, వాళ్లు ఇంటికెళ్లి ఇంకెవరి మీదో. పాపం రిటైల్‌గా కాదు, హోల్‌సేల్‌గా సాగాలన్నది అతని సిద్ధాంతం. 1986లో పూర్తయిన ఎం25 రింగు రోడ్డు కూడా అతని పనేనట; ఆ రోడ్డు ఆకారమే ఒక క్షుద్ర చిహ్నమట, ట్రాఫిక్‌లో చిక్కుకున్న ప్రతివాడూ తెలియకుండానే ఒక మంత్రం జపిస్తున్నట్టట. పైవాళ్లకు ఇవేవీ అర్థం కావు. ఎందరిని పట్టావు, లెక్క చెప్పు అంటారు. చిత్రగుప్తుడి చిట్టాను, ‘యమగోల’లో యముడి అవస్థలను చూసి నవ్వుకున్న మనకు నరకం ఒక ఆఫీసని కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ మన యముడిది హోదా. క్రౌలీది ఫీల్డు ఉద్యోగం. మెడలో టార్గెట్ వేలాడుతున్నవాడి నవ్వు వేరు. ఇంటికొచ్చి కోపమంతా కుండీల్లో మొక్కల మీద తీర్చుకుంటాడు. లండన్‌లో అంత పచ్చగా, అంత భయంగా పెరిగే మొక్కలు ఇంకెక్కడా లేవు.

చూశారా, ఇది చెప్పబోతే నాకే తీర్పు మరుగునపడి కథ ముందుకొచ్చింది. అందుకే వద్దన్నాను.

ఆఖరి జాగ్రత్త: చదివినవాళ్ల మధ్య కూర్చోవలసి వస్తే మీ ప్రతి మీరే పట్టుకెళ్లండి, కానీ కొత్తది మాత్రం కాదు. స్నానాల తొట్టిలోనూ గుంటల్లోనూ పడి ఉబ్బిపోయినవి, టేపు వేసి అతికించినవి సంతకానికి తెస్తుంటారని రచయితలే తర్వాతి ముద్రణ ముందుమాటలో మురిసిపోయారు. మనిళ్లలో తొట్లు తక్కువ కాబట్టి బకెట్టు చాలు. ఒకసారి ముంచి, మేడ మీద రెండెండలు ఆరబెట్టండి. ఆరేలోపు గాలికి పేజీలు తిరుగుతుంటాయి. అటువైపు చూడకండి.