అంగారకుడికి ఆటో చార్జీ

మంగళయాన్‌ను మనం రెండుసార్లు ప్రయోగించాం. మొదటిసారి 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి, పీఎస్‌ఎల్‌వీ మీద. రెండోసారి 2014 సెప్టెంబర్‌లో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ నుంచి, ఆటో మీటరు మీద.

అహ్మదాబాద్‌లో ఆటో ఎక్కితే కిలోమీటరుకు 10 రూపాయలు, మనం అంగారకుడి దాకా 7 రూపాయలకే వెళ్ళామని ప్రధాని అక్కడ లెక్క చెప్పారు. ఖర్చు 450 కోట్ల రూపాయలు, దారి 65 కోట్ల కిలోమీటర్లు. భాగహారంలో తప్పు లేదు, చప్పట్లకూ లోటు లేదు. అప్పట్నుంచీ ఇస్రో పేరెత్తితే చాలు, పెళ్ళి పందిట్లోనైనా ఎవరో ఒకరు ఆ ఏడు రూపాయలు బయటికి తీస్తారు.

సరే, అదే మీటరు చంద్రయాన్-1కూ వేద్దాం. ఖర్చు 386 కోట్లు, చంద్రుడి దూరం 3.84 లక్షల కిలోమీటర్లు. కిలోమీటరుకు పదివేలు దాటింది! 2008లో ఇంత దుబారా జరుగుతుంటే ఆడిటర్లు ఎక్కడున్నట్టు? చంద్రుడి మీద నీటి జాడ పట్టుకున్నారట. పట్టుకుంటే మాత్రం? అమెరికావాళ్ళ వోయేజర్-1 చూడండి, 1977లో బయల్దేరి ఇంకా పోతూనే ఉంది. దాని చార్జీ రోజురోజుకూ పడిపోతోంది.

అంతరిక్షంలో ఇంధనం తాగేది దూరం కాదు. భూమి పట్టు విడిపించుకోవడానికీ, చేరాక వేగం తగ్గించి కక్ష్యలో నిలవడానికీ ఇంధనం ఖర్చవుతుంది. నడుమ ప్రయాణమంతా దాదాపు ఊరికే పోవడమే.

మనవాళ్ళ అసలు తెలివంతా ఆ రెండు చివర్లలోనే ఉంది. బరువులెత్తే జీఎస్‌ఎల్‌వీ అప్పటికి సిద్ధంగా లేదు. ఉన్న పీఎస్‌ఎల్‌వీకి నౌకను నేరుగా అంగారకుడి దారిలో పెట్టే సత్తా లేదు. అందుకని భూమి చుట్టూ సాగిన కక్ష్యలో వదిలి, నౌక భూమికి దగ్గరగా మహా వేగంతో వచ్చే వేళ చూసి ఇంజన్ మండించి, విడతలవారీగా కక్ష్య పెంచారు. నాలుగో విడతలో వేగం చాలకపోతే మర్నాడే మళ్ళీ మండించి లోటు తీర్చారు. డిసెంబర్ 1న భూమిని వదిలాక ఆ ఇంజన్ దాదాపు 300 రోజులు పడుకుంది. 2014 సెప్టెంబర్ 22న నాలుగు సెకన్లు మండించి, ఉందా పోయిందా అని చూశారు. 24న అది 20 నిమిషాలకు పైగా మండాలి. ఇక్కణ్ణుంచి సంకేతం చేరడానికే 12 నిమిషాలు. ఏదైనా తేడా వస్తే ఇక్కడ తెలిసేసరికి అక్కడ అయిపోయి ఉంటుంది. కాబట్టి ఆజ్ఞలన్నీ ముందే నౌకకు అప్పజెప్పి, వీళ్ళు బెంగళూరులో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఇదంతా సభలో చెబితే ఎవరు వింటారు లెండి.

ఇంతకీ ఆ ఆటోలో సామాను ఎంత పట్టిందో ఎవరూ అడగరు. ఐదు పరికరాలు, అన్నీ కలిపి 15 కిలోలు. రెండు రోజుల ముందు అక్కడికి చేరిన నాసా మావెన్ 65 కిలోల పరికరాలు మోసుకెళ్ళింది. మనకూ అన్ని కావాలని రేపు ఏ ఇంజనీరైనా ఫైలు పెడితే, దాని మీద ఏ ప్రశ్న రాసి వెనక్కి పంపుతారో నాకు ఇప్పుడే కనిపిస్తోంది: “కిలోమీటరుకు ఎంత పడుతుంది?”