తుప్పాసుర వధ

కావ్యమన్నాక పద్దెనిమిది వర్ణనలు ఉండాలని దండి మొదలుకొని మన లాక్షణికులు చాలామంది తీర్మానించారు. నగరం, సముద్రం, కొండ, ఋతువు, సూర్యోదయం, మంత్రాలోచన, దూత, ప్రయాణం, యుద్ధం, చివరికి నాయకుడి అభ్యుదయం... జాబితా పెద్దదే. వానాకాలం నాట్లప్పుడు పొలంలో మొరాయించిన ఒక్క ట్రాక్టరు వీటిలో ఎన్నింటిని సమకూర్చగలదో పాపం వాళ్లు ఊహించి ఉండరు. సముద్రం మాత్రం లేదు. బదులుగా కేజ్‌వీల్స్ సగం మునిగేంత బురద ఉంది, సరిపెట్టుకోవాలి. ఇక పేరులోనే చచ్చేదెవరో చెప్పేశావేమని అడగొద్దు. శిశుపాల వధ చదివినవాళ్లెవరూ శిశుపాలుడు బతుకుతాడేమోనని చదవలేదు.

కొండకు కొదవలేదు. ఇది జఫర్‌గఢ్. జఫరుద్దౌలా పేరు మోస్తున్న కోట ఒకవైపు, వేల్పుగొండ లక్ష్మీనరసింహస్వామి ఒకవైపు. 2016 దాకా వరంగల్ జిల్లా, ఆ ఏడు అక్టోబరు 11 నుంచి జనగామ జిల్లా. మొసలి పట్టిన ఏనుగు కథను తెలుగు చేసిన పోతన ఊరు బమ్మెర కూడా ఈ జిల్లాలోనిదే. మన నాయకుడూ ఏనుగంత ఉన్నాడు, నీళ్లలోనే ఉన్నాడు, కదల్లేకనే ఉన్నాడు. పట్టిన మొసలి ఎక్కడుందన్నదే తెలియదు.

ముందురోజు మునిమాపు వేళ దున్నుతుండగా హెడ్‌లైట్లు మసకబారాయి. అపశకునం. పట్టించుకున్నవాడు లేడు. తెల్లవారింది. తూర్పున బాలభానుడు కోట బురుజు మీద కాలుమోపే వేళకు, ఎర్ర తువాల తలకు చుట్టిన డ్రైవరు సీటెక్కి, కుడిచేత తాళం ధరించి, ఎడమకాలితో క్లచ్చి అదిమి, తాళం తిప్పాడు. టకటకటకటక! మీటరు దగ్గరి ఎర్రదీపం ఒకసారి రెప్పలార్చి ఆరిపోయింది. మళ్లీ తిప్పాడు. అదే టకటక. గట్టు మీది కొంగ ఒకటి ఎగిరిపోయింది.

"సెల్ఫ్ కొడ్తలేదు" అన్నాడు డ్రైవరు. గట్టున నారుకట్టలతో నిలబడ్డ నాటు కూలీల్లోంచి ఒక పెద్దమ్మ వెంటనే అందుకుంది: "ఏంది కొడకా, నాటేస్తమా, ఇంటికి వోతమా?" ఇంత సూటి ప్రశ్న ఏ రాయబారంలోనూ ఎవరూ అడగలేదు.

మంత్రాలోచన మొదలైంది. దారినపోయే ప్రతివాడూ మంత్రే. టకటక అన్నదంటే బ్యాటరీ ఖతమని ఒకాయన. సెల్ఫ్ మోటరులో కార్బన్లు అరిగినయని ఇంకొకాయన. తాళం స్విచ్చి మీద మూడో ఆయన అనుమానం. నిమ్మకాయ కట్టి ఎన్నాళ్లయిందని నాలుగో ఆయన. కంబంలోంచి వచ్చిన స్వామి బ్యాటరీ పెట్టెలోంచి రాకపోతాడా అని కొండవైపు చూసి దండం పెట్టినవాళ్లూ ఉన్నారు. సభలో ఎక్కువ గొంతులు బ్యాటరీ మీదే పడ్డాయి. ఆసామి జేబు తడుముకుని మేనల్లుణ్ని బైకు మీద దూతగా వర్ధన్నపేటకు తోలాడు, కొత్త బ్యాటరీ తెమ్మని.

దూత వెళ్లాక తోపుడు పర్వం. డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. లోపల గాలి బలంగా నొక్కుకుని, ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. గేరులో వేసి ఎలాగోలా ఇంజను తిప్పగలిగితే బ్యాటరీతో పనేలేదు. సెల్ఫ్ పాడైన ట్రాక్టరును రాత్రి దిగుడు మీదే నిలిపేది అందుకే. ఇక్కడ దిగుడు లేదు. ఎనమండుగురు వీరులు బాహువులు బిగించి తోస్తే ట్రాక్టరు కదల్లేదు గాని, వీరులు మోకాళ్ల దాకా దిగారు. ఇక చేత్తో తిప్పుదామన్నా వీల్లేదు. ఎక్కడో అమెరికాలో కెటరింగ్ అనే ఆయన కరెంటుతో తిరిగే సెల్ఫ్ కనిపెడితే, 1912 మోడలు కాడిలాక్ కార్లకు దాన్ని తగిలించారు. అంతకుముందు చాలా పెట్రోలు కార్లకు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాల్సిందే. ఈ ట్రాక్టరుకు ఆ హ్యాండిల్ పెట్టే చోటు కూడా లేదు. సుఖం మరిగిన జాతి.

అంతలో మిస్త్రీ వేంచేశాడు. నూనెమరకల చొక్కాయే కవచం, చెవి వెనక పెన్సిలే తురాయి, చేతిసంచిలో 13 నంబరు పానా, జంపరు వైరు, ఉప్పుకాగితం, ఒక పసుపుపచ్చ మీటరు. ఎవరినీ ఏమీ అడగలేదు. మీటరు సూదులు బ్యాటరీ బుడిపెల మీద ఆనించాడు. 12.6. నిండు ఛార్జికి ఉండాల్సిన అంకె అదే. సభ నివ్వెరపోయింది. "ఇప్పుడు కొట్టు" అన్నాడు. టకటకటక. సెల్ఫ్ నిజంగా కరెంటు లాగితే ఈ అంకె పదిదాకా దిగాలి. ఏడో ఎనిమిదో అయితే బ్యాటరీ చచ్చినట్టు. ఇది పన్నెండు దాటే నిలిచింది. "బ్యాటరీ మంచిగనే ఉందే" అన్నాడు మిస్త్రీ. "ఇస్తనంటది. తీస్కునేటోనికి ముడ్తలేదు." బ్యాటరీ పక్షం మంత్రులు బీడీలు వెలిగించుకున్నారు.

ఇక్కడ కథ ఆపి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే యుద్ధం అర్థం కాదు. రెండు హెడ్‌లైట్లు తినేది తొమ్మిది ఆంపియర్లు. ట్రాక్టరు సెల్ఫ్ తినేది రెండు మూడు వందలు. దారిలో ఓమ్‌లో అయిదో వంతు అడ్డు పడిందనుకోండి. లైట్ల దగ్గర రెండు వోల్టులకు కాస్త తక్కువ పోతుంది. అవి మసకగా అయినా వెలుగుతాయి. అదే అడ్డు దాటి సెల్ఫ్‌కు అరవై ఆంపియర్లకు మించి చేరవు. కాలువలో గడ్డి అడ్డంపడితే పిట్ట తాగే నీళ్లు పోతాయి, మడి పారదు. లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి దారి బాగుందనుకోవడం పొరపాటు. ఆ టకటక కూడా అందుకే: సెల్ఫ్‌కు కరెంటు కలిపే సోలినాయిడు పట్టుకుంటుంది, పట్టుకోగానే వోల్టేజి కూలుతుంది, వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది.

మిస్త్రీ ఒక సూదిని బ్యాటరీ నెగెటివు బుడిపె మీద, రెండోదాన్ని ఇంజను ఇనుము మీద గుచ్చాడు. రెండూ ఒకే ఎర్తు. తాళం తిప్పినా మధ్యలో అర వోల్టు దాటకూడదు. తిప్పారు. అంకెలు ఆరు, ఎనిమిది, తొమ్మిది అంటూ గంతులేశాయి. మొసలి తోక కదిలింది! జంపరు వైరు ఒక కొస నెగెటివుకు, రెండో కొస ఇంజను బోల్టుకు తగిలించి "కొట్టు" అన్నాడు. గర్ర్ర్‌మని ఇంజను సగం తిరిగింది. "బంద్ చెయ్" అన్నాడు. దొంగ దొరికాక దొంగను వదిలి పని కానివ్వడం ఆయన మతం కాదు.

నల్ల ఎర్తు వైరు వెంట వేలు పాకించుకుంటూ బురదలోకి ఒంగాడు. చాసిస్ మీద, అరచేతి మందం మన్ను కింద, రాక్షసుడి కొలువు. బోల్టు తల గుండ్రంగా అరిగి, చుట్టూ కాఫీపొడి రంగు తుప్పు. వైరు చివరి రాగి లగ్గుకు ఆకుపచ్చ పొక్కులు. లగ్గుకూ ఇనుముకూ నడుమ కాగితం మందం కూడా లేని ఎర్రటి పొర. ఆ పొరే అసురుడు. మడి నీళ్లు తాగి, దున్నినప్పుడల్లా ఊగి ఊగి పెరిగాడు. ఒక కూలీల మూకనూ, ఎనమండుగురు వీరులనూ, ఒక పంచాయితీనీ నిలబెట్టినవాడు గోటితో గీరితే రాలేటంతవాడు.

యుద్ధం చిన్నదే. ముందు బ్యాటరీ దగ్గర నెగెటివు విప్పాడు. ఎందుకంటే పాజిటివు విప్పుతూ పానా బాడీకి తగిలితే నిప్పులు కురుస్తాయి. నెగెటివు తీసేశాక ఆ భయం లేదు. బోల్టు ఊడదీసి, లగ్గునూ చాసిస్‌నూ ఉప్పుకాగితంతో తళతళ మెరిసేదాకా రుద్ది, కొత్త వాషరేసి బిగించి, పైన గ్రీజు పూసి, నెగెటివును చివరగా కట్టాడు. తాళం ఒక్క తిప్పు. నల్లపొగ వేల్పుగొండవైపు ఎగసింది. కూలీలు మడిలో దిగారు. నిమ్మకాయ మంత్రి "నేను మనసుల మొక్కుకున్న" అన్నాడు.

ఆసామి ఫోను మోగింది. దూత. ట్రాక్టరు మోతలో ఏమీ వినబడక ఆసామి గట్టు చివరిదాకా పరుగెత్తాడు. "మామా, పాత బ్యాటరీ ఇస్తె పైసలు తక్కువైతయంట" అంటున్నాడు అటువైపు అల్లుడు, "కొత్తదైతే బండికి కట్టేసిన, బయలెల్లిన!"