చిరుతకు టికెట్టు కట్టేదెవరు?

మా ఆర్.కె. పురం సెక్టార్లకు కూతవేటు దూరంలో హౌజ్ ఖాస్ జింకల పార్కుంది. 1960ల్లో ఆరు జింకలతో పెట్టారు. వాటి పని అవి చేసుకుపోయి ఆరు వందల దాకా అయ్యాయి. దీనికి ఏలినవారు కనిపెట్టిన విరుగుడు: 2023లో ఆ మినీ జూ గుర్తింపు రద్దు, జింకలకు రాజస్థాన్ పులుల అడవులకు ప్రయాణం. పులికి విందు, ఫైలుకు మోక్షం!

ఇది ఢిల్లీ సంగతి. పక్కనున్న హర్యానా అంతకు రెండాకులు ఎక్కువే చదివింది. గురుగ్రామ్, నూహ్ జిల్లాల ఆరావళి కొండల్లో పదివేల ఎకరాల జంగిల్ సఫారీ కడతామని 2022లో ప్రకటించింది. ప్రపంచంలోకెల్లా పెద్దదట. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సఫారీ ఎలా ఉంటుందో చూసి రావడానికి పెద్దలు వెళ్ళిందెక్కడికో తెలుసా? షార్జాకి. ఎడారి దగ్గర అడవి పాఠాలు!

ప్లానులో పెద్ద పిల్లిజాతి జంతువులకు నాలుగు జోన్లు, పాములకో భవనం, పక్షులకో పార్కు ఉన్నాయి. అన్నిటికీ మించి, తాగునీటికి అల్లాడే నూహ్ పక్కన 'నీటి అడుగు లోకం', దానికి తోడు సముద్రతీరపు వనం. కొండని సముద్రం చేయగలిగినవాళ్ళకి కొండగా ఉంచడం మాత్రం చేతకాలేదు. అన్నట్టు, గ్రేట్ నికోబార్ దీవిలో ప్రాజెక్టు కోసం నరికే అడవికి బదులు మొక్కలు నాటేది కూడా ఈ హర్యానాలోనే. భూగోళం పుస్తకాలు ఇంకా దిద్దలేదు, అంతే.

ఇంతకీ ఆ కొండల్లో జంతువులు లేవా? ఆ కొండల వరసలోనే ఢిల్లీ అంచున ఉన్న అసోలా భట్టీ అభయారణ్యానికి వెళ్ళి చూడండి. ఒకప్పుడు ఇసుక, రాయి తవ్వి గుల్ల చేసిన నేల. గనులు మూసి, మొక్కలు నాటి, అడవిగా ఉంచితే చిరుతలు వాటంతటవే వచ్చి కెమెరాల్లో పడ్డాయి. టెండరు లేదు, కన్సల్టెంటు లేడు, రిబ్బను కత్తిరింపు అసలే లేదు. ఆ చిరుతలో లోపం ఒక్కటే: టికెట్టు కొన్నవాడికి పొద్దున పదకొండింటికి కనబడదు. అందుకే దాని కొండకు కంచె కట్టి, టికెట్టుకు కనబడే జంతువును తెచ్చిపెట్టాలి. దీని పేరు సంరక్షణ.

చుట్టుపక్కల పల్లెలకు ఉద్యోగాలొస్తాయి కదా అంటారు. అది మాత్రం కొట్టిపారేసే మాట కాదు. అయితే ఐదుగురు విశ్రాంత అటవీ అధికారులు కోర్టుకెక్కితే 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు సఫారీ పనులు ఆపమంది. అయ్యా, ఈలోగా ఆ పల్లెవాళ్ళకే కూలి ఇచ్చి కొండల మీద సర్కారు తుమ్మ పీకించండి, చెరువుల పూడిక తీయించండి, రాత్రిపూట రాయి దొంగలు రాకుండా కాపలా పెట్టండి. దీనికి షార్జా వెళ్ళనక్కర్లేదు.