పుట్టని పెట్టెకు జాతకం

భిలాయి-3లో ఇద్దరు తెలుగు కుర్రాళ్లు టీ గ్లాసులతో నిలబడితే చాలు, కంపెనీ ఇంకా అట్టపెట్టె కూడా చూపించని వర్క్‌స్టేషన్ ఎన్ని టెరాఫ్లాప్స్ లాగుతుందో, అంటే సెకనుకు ఎన్ని లెక్కలు చేస్తుందో తేల్చేస్తారు. రేపు రాబోయే యంత్రం బలం ఇవాళే చెప్పగలిగినవాళ్లు, నిన్న కొన్నది ఎందుకు నత్తనడక నడుస్తోందో మాత్రం చెప్పలేరు.

ఈ విద్యకు పెట్టుబడి గుణకారం ఒక్కటే. 12 కోర్లు, 2.7 గిగాహెర్ట్జ్, ఒక్కో టిక్కుకు ఒక్కో కోరు 8 లెక్కలు. గుణిస్తే 259 గిగాఫ్లాప్స్! ప్రతి కోరుకూ అనుక్షణం చేతినిండా పని ఉంటుందనీ, మెమరీ ఎప్పుడూ ఆలస్యం చెయ్యదనీ, పెట్టె వేడెక్కదనీ నమ్మితేనే ఈ లెక్క నిజం. అంత నమ్మకం దేవుడి మీద పెట్టుకుంటే మోక్షమే వచ్చేది.

2013 జూన్‌లో ఆపిల్ గుండ్రటి నల్ల డబ్బా లాంటి మ్యాక్ ప్రో చూపించి 7 టెరాఫ్లాప్స్ అంది. డిసెంబరులో అది అమ్మకానికి వచ్చేదాకా అందరిదీ ఏడు జపమే. ఆ ఏడు రెండు గ్రాఫిక్స్ చిప్పుల ఉమ్మడి ఆస్తి. సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒకేసారి వాడుకుంటేనే దక్కుతుంది. 2017 ఏప్రిల్‌లో కంపెనీ పెద్దలే విలేకరుల్ని పిలిచి, వేడి దగ్గర ఇరుక్కుపోయామని ఒప్పుకున్నారు. ఒక్క పెద్ద చిప్పు పెడదామంటే ఆ డబ్బాలో వేడి తట్టుకునే వీలు లేదట. ఆ వేడి ఎటు పోతుందని మే నెల భిలాయి ఎండలో ఉండే మనమైనా ముందే అడగాల్సింది. అడగలేదు.

సూపర్ కంప్యూటర్లవాళ్లు నయం. వాళ్ల టాప్500 జాబితాలో కాగితం మీది అంకె ఒక గడిలో, పరీక్షలో వచ్చింది ఇంకో గడిలో ఉంటుంది. ర్యాంకు రెండోదానికే. జపాన్ ఫుగాకుకి కాగితం మీద 537 పెటాఫ్లాప్స్, లిన్‌ప్యాక్ పరీక్షలో 442. అసలు పనులకు ఇంకా దగ్గరగా ఉండే హెచ్‌పీసీజీ పరీక్ష పెడితే 16. అవును, పదహారే.

భిలాయి-3 రైల్వే యార్డు పక్కన పెరిగినవాళ్లకు ఇది ఒకరు చెప్పాలా? డబ్ల్యూఏజీ-9 ఇంజనుకి ఆరువేల హార్స్ పవరని ఇక్కడెవరూ కాలరెగరేయరు. లోడెన్ని టన్నులు, ముందు ఎత్తుందా, పట్టాలు తడిశాయా అని అడుగుతారు. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజనుకి ఎంత పవరుంటే ఏం లాభం? మెమరీ కోసం కాచుకున్న కోరుదీ అదే బతుకు.

ఈ వాదనల్లో అందరికన్నా గట్టిగా అరిచేవాడిది పెళ్లి వీడియోల పని. హార్డ్ డిస్కు నిండిపోయి, తలంబ్రాల క్లిప్పు నొక్కితే మంగళసూత్రం దగ్గర బిగుసుకుపోతోంది. ఒక ఎస్ఎస్‌డీ కొనరా బాబూ అంటే, "ఇప్పుడెందుకు బాబాయ్, కొత్త మెషీన్ రానీ" అంటాడు. ఆ పెళ్లికూతురికి మొన్ననే సీమంతం కూడా అయింది.