పాత మారుతికి కొత్త బ్యాటరీ: సాంచా నడిపిన చేతులకు కొన్ని సలహాలు

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు ఉండే మనవాళ్లకు సాంచా మోత వింటే చాలు, ఏ బోల్టు వదులైందో తెలిసిపోతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చి ఈ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతికిన చేతులవి. అలాంటి చేతులకు పాత మారుతి 800లో బ్యాటరీ మార్చడానికి మెకానిక్ ఎందుకు? వాడికిచ్చే కూలి ఎలా మిగుల్చుకోవాలో చెప్తాను. ఆ తర్వాత అయ్యే ఖర్చు మాత్రం నన్నడగొద్దు.

పొద్దున్నే సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుందా? బ్యాటరీ పోయింది, అంతే. మీటరు పెట్టి చూడటం అనుమానపు మనుషుల పని. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టట, ఇంజిన్ నడిచేటప్పుడు 14 దాకా ఎక్కితే డైనమో బాగున్నట్టట. ఇవన్నీ తెలుసుకుంటే కొత్తది కొనే సరదా ఏం మిగులుతుంది? డైనమో ఛార్జి చేయకపోయినా సరే, ఎవరో బిగించిన స్టీరియో రాత్రంతా కరెంటు తాగుతున్నా సరే, మీరు బ్యాటరీనే మార్చండి. నాలుగు రోజులకు కొత్తదీ దిగిపోతే దుకాణం వాడితో పోట్లాడుకోవచ్చు.

డైనమో సంగతి తేల్చాల్సిందేనని ఇంట్లోవాళ్లు పట్టుబడితే పెద్దల కాలం నాటి పరీక్ష ఒకటుంది. ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకేయాలి. బండి ఆగకపోతే డైనమో మంచిదన్నమాట. వోల్టేజీ ఎగిరిపడకుండా అణిచిపెట్టేది బ్యాటరీయే కాబట్టి, దాన్ని పీకిన క్షణంలో ఒక్కసారిగా ఎగిరే వోల్టేజీకి లోపలి డయోడ్లు మాడిపోవచ్చు, ఇంజెక్షన్ ఇంజిన్ అయితే దాని కంప్యూటర్ పెట్టె కూడా పోవచ్చు. అయితేనేం, పీకేముందు వరకూ డైనమో బాగుందని మీకు తెలిసింది కదా! కార్బ్యురేటర్ బండికి ఆ పెట్టె ఉండదు, నష్టం డయోడ్లతో సరి. పాతవే నయమని నేను ఊరికే అంటానా?

ఇక కొనడం. బ్యాటరీ మీద 38బి20ఎల్ లాంటి అక్షరాలేవో ఉంటాయి. 20 అంటే పొడవు సెంటీమీటర్లలో, చివరి ఎల్ లేదా ఆర్ అంటే ప్లస్ ఏ వైపున్నదో. పట్టించుకోకండి. తప్పు వైపుది తెస్తే వైరు అందదు, అందకపోతే లాగండి. ఇంకా లాగితే ప్లస్ వైరు మైనస్‌కు కూడా అందుతుంది, అప్పుడు చూడాలి తమాషా. తయారీ తేదీ కూడా చూడొద్దు. నెలల తరబడి అరలో ఊరికే కూర్చున్న బ్యాటరీ తనంతట తనే దిగిపోయి ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుందంటారు. కానీ అమరాన్ బ్యాటరీ తయారయ్యేది తిరుపతి పక్కన కరకంబాడిలో. దేవుడి ఊరి సరుకుకు తేదీలు చూస్తామా?

విప్పడం దగ్గర మా మేనల్లుడొకడు అడ్డు తగులుతాడు.

"మామా, ముందు మైనస్ తియ్యాలె. పెట్టేటప్పుడు ముందు ప్లస్ పెట్టాలె."

"ఎందుకురా?"

"బాడీ అంతా మైనస్సే గదా. మైనస్ ఉండంగనే ప్లస్ బోల్టు మీద పానా పెట్టి తిప్పినవనుకో, దాని తోక బాడీకి తాకితే షార్టే."

చదువుకున్న పిల్లల మాటలు ఇలాగే ఉంటాయి. మీరు ప్లస్సే ముందు విప్పండి. పది నంబరు పానా ఒక కొన బోల్టు మీద, ఇంకో కొన ఫెండర్ రేకు మీద ఆనిందా, వందల ఆంపియర్లు ఆ ఇనప ముక్కలో నుంచే పోతాయి. నీలం మెరుపు వస్తుంది, పానా అక్కడే అతుక్కుని ఎర్రబడుతుంది. వేలికి ఉంగరం, చేతికి ఉక్కు కడియం ఉంటే తీయకండి, అవీ ఎర్రబడతాయి. వెలుతురు చాలకపోతే అగ్గిపుల్ల గీసి యాసిడ్ మట్టం చూడండి. ఛార్జి అయిన బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, కాబట్టి వెలుతురు మీరనుకున్నదానికంటే ఎక్కువే వస్తుంది. మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ కాదు, యాసిడే పోయండి. ఆవిరయ్యేది నీళ్లే కదా అని మేనల్లుడు మళ్లీ గొణుగుతాడు, పట్టించుకోవద్దు.

సన్న పోస్టుకు లావు క్లాంపు పడితే వదులుగా ఆడుతుంది. కొందరు మేకు దూరుస్తారు. సూరత్‌లో ఉండి మేకేమిటి? ఇది జరీ ఊరు, ఇమిటేషన్ జరీలో ఉండేది రాగి తీగే, నాలుగు పోగులు చుట్టి నొక్కేయండి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ పోగులు వేడెక్కి తెగిపోతే ఇంకో నాలుగు చుట్టండి. బ్యాటరీని కిందికి పట్టి ఉంచే క్లాంపు తుప్పు పట్టి ఊడిపోయిందా? పాలియెస్టర్ చీర ముక్కతో కట్టండి, డిజైన్ బాగుండేది చూసి. గుంతలో బండి ఎగిరినప్పుడు ప్లస్ టెర్మినల్ బోనెట్‌కు ముద్దు పెడుతుంది. వేడికి చీర కరుగుతుందనుకోండి, నష్టమేముంది, ముక్కే కదా. సముద్రపు గాలికి టెర్మినళ్ల మీద పచ్చగా, తెల్లగా పూసే బూజు మాత్రం గోకొద్దు, వేజలిన్ రాయొద్దు. దాన్ని ముట్టుకున్న చేత్తో కళ్లు నులుముకుంటే ఇక మీకు వేరే మందు అక్కర్లేదు.

పాతదాన్ని దుకాణంలో ఇస్తే కొంత తగ్గిస్తాడు. ఎందుకంటే దాని బరువులో సగానికి పైగా సీసమే. వాడుకైపోయిన బ్యాటరీలు వెనక్కి చేరాల్సిందేనని 2022 నాటి నిబంధనలు కూడా చెప్తున్నాయి. మీరు మాత్రం యాసిడ్‌ను మీఠీ ఖాడీ వాగులో పారబోసి డబ్బాను తుక్కు వాడికి వేయండి. వానాకాలంలో ఖాడీ పొంగి లింబాయత్ ఇళ్లలోకి వచ్చినప్పుడు మీ సీసం మీ గుమ్మం దాకా తిరిగొస్తుంది.

వారంటీ కార్డు మీద తేదీ, బండి నంబరు, దుకాణం ముద్ర వేయించుకోవడం మొహమాటమైన పని, వదిలేయండి. ఈ పద్ధతిలో బిగించిన బండేసుకుని దసరాకు ఊరికి బయల్దేరితే ధూలే రోడ్డులో, సోన్‌గఢ్ దాటాక ఎక్కడో ఆగుతుంది. రెండో గేరులో పెట్టి తోయాలి. దానికి కనీసం ముగ్గురు బావమరుదులు కావాలి, ఎక్కించుకోండి. మారుతిలో ఇక సామానుకు చోటుండదు. దాన్ని నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో పంపండి, సూరత్ నుంచి నేరుగా వరంగల్ పోతుంది.