'వేషధారి' పద్యానికి లాలాగూడ టీక

అవతారిక

మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టి మరీ మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయన మనకు పక్కవాడే. మెదక్ సీమలోని కొలిచెలమ, అంటే నేటి కొల్చారం, ఆయన ఊరు. పక్కవాడి నియమాన్ని తప్పకూడదనే ఈ వ్యాఖ్యాత కోరిక. కానీ వ్యాఖ్య చేయవలసిన గ్రంథంలోనే మూలంలో లేనివి బోలెడు ఉంటే టీకాకారుడొక్కడూ మడి కట్టుకుని ఏం చేస్తాడు?

ఆ గ్రంథం 'చంద్రకాంత'. 1994 నుంచి 1996 దాకా ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో వచ్చిన ధారావాహిక. నీర్జా గులేరి తీశారు, కమలేశ్వర్ రచన. దానికి ఆధారం 1888లో దేవకీనందన్ ఖత్రీ రాసిన హిందీ నవల. అది చదవడం కోసమే హిందీ నేర్చుకున్నవారున్నారని ఉత్తరాదిలో గొప్పగా చెప్పుకుంటారు. లాలాగూడ రైల్వే క్వార్టర్లవాళ్లకు ఆ శ్రమ అవసరం పడలేదు. 1893 నాటి క్యారేజి వర్క్‌షాపులో ఒక బెంచీ మీద తమిళుడు, పక్క బెంచీ మీద బీహారీ ఉంటే హిందీ దానంతటదే వస్తుంది. రానిదల్లా ఊళ్లనుంచి కొడుకుల దగ్గరికి వచ్చి ఉన్న బామ్మలకే. అసలైన ప్రశ్నలు వేసిందీ వాళ్లే. మాటలు అర్థం కావు కనుక వాళ్లు మొహాలు మాత్రమే చూసేవారు. ఈ ధారావాహికలో నిలకడ లేనిది మొహాలకే.

అలాంటి ఒక బామ్మ, "ఒరేయ్ నాన్నా, పోయిన వారం వీడేగా ఆ పిల్లని చంపబోయాడు? ఇవాళ దండ పట్టుకొచ్చాడేంరా?" అని అడిగితే, ఎవరూ జవాబు చెప్పలేకపోతే, వరండాలో పేపరు చదువుకుంటున్న ఒక రిటైర్డ్ చార్జ్‌మన్ గారు తల ఎత్తకుండానే ఈ ఆటవెలది చెప్పారని ప్రతీతి.

మూలము

నిన్న కత్తి దూసె నేడు పూవులు దెచ్చె
రేపు పెండ్లి యనును లేక చచ్చు
వేషధారి మనసు వెదకి చూచిన వేళ
వేషమొకటె దొరికె వెనుక లేదు

ప్రతిపదార్థము

నిన్న = గడచిన ఆదివారమున (వారపు కథకు వారమే దినము); కత్తి దూసె = ఒరలోనుండి ఖడ్గమును తీసెను, కొట్టెనని కవి అనలేదు; నేడు = ఈ ఆదివారమున, ప్రకటనలు పోగా మిగిలిన కాలమున; పూవులు దెచ్చె = అనురాగమును ప్రకటించెను; రేపు = పై ఆదివారమున, స్పాన్సరున్నచో; పెండ్లి యనును = వివాహమాడెదనని పలుకును, ఆడడు; లేక = అటుగానిచో; చచ్చు = మరణించును, అనగా కొన్ని వారములు కనబడకుండును; వేషధారి మనసు = అయ్యారు యొక్క అంతరంగమును; వెదకి చూచిన వేళ = పరిశీలింపగా; వేషమొకటె దొరికె = పై తొడుగు మాత్రమే చేజిక్కెను; వెనుక = దాని ఆవల; లేదు = శూన్యము.

చివర 'ఏమియు' అనే పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి. గణాలు కుదరక కవి వదిలేశాడని కొందరంటారు. లేనిదాన్ని లేకుండానే చెప్పడం కవి చాతుర్యమని మరికొందరు. ఈ రెండోవారు కవిగారి వియ్యాలవారు.

తాత్పర్యము

వారంవారం మనసు మార్చుకొనే మనిషికి మనసున్నదని నమ్మడం కష్టమని భావము.

పాఠాంతరములు

ఆదివారం పొద్దున్న కరెంటు పోతే ఆ మేరకు గ్రంథపాతం. దాన్ని పూరించే భారం సోమవారం టిఫిన్ డబ్బాలు విప్పే వేళ చూసినవాళ్ల మీద పడేది. అందువల్ల ఈ పద్యానికీ, ధారావాహికకూ కూడా పేటకో ప్రతి ఏర్పడింది. మెట్టుగూడ ప్రతిలో 'పెండ్లి యనును' అన్నచోట 'పెట్టె తెరచును' అని ఉంది. తిలిస్మీ పేటికను, అంటే మాయపెట్టెను, తెరవడమని అర్థం చెబుతారు. గణం తప్పింది కనుక గ్రాహ్యం కాదు. 'పెట్టె తెరచు' అని దిద్దుకుంటే సరిపోతుంది. సీతాఫల్‌మండి ప్రతిలో 'లేక చచ్చు' బదులు 'లేచి వచ్చు' అని కనబడుతుంది. ఇది కేవలం లేఖక ప్రమాదమని మొదట అనుకున్నారు. తరువాతి వారం చచ్చినవాడు నిజంగానే లేచి వచ్చాడు కనుక పండితులు రెండు పాఠాలనూ ఒప్పుకున్నారు. యతి కూడా చెడలేదు.

లాలాపేట నుంచి వచ్చే ఒక ఫిట్టరు, "సచ్చిండన్నా, నా కండ్లతోని చూసిన" అంటే, అవతలి బెంచీవాడు, "అరె, సచ్చింది వాడు కాదే, వాని మొఖం ఏసుకున్నోడు" అనేవాడు. ఈ రెండో వాక్యంలోనే ధారావాహిక శాస్త్రమంతా ఉంది. కాబట్టి కొంచెం నిలబడి చూడాలి.

విశేషాంశములు

అయ్యారు అంటే రాజుగారి కొలువులో ఉండే మారువేషపు గూఢచారి. మత్తుపొడి చల్లుతాడు, స్పృహ తెప్పించడానికి లఖలఖా వాసన చూపిస్తాడు, ఎవరి రూపమైనా ధరిస్తాడు. ఖత్రీ కాశీరాజు గారి అడవుల్లో కాంట్రాక్టులు చేసినవాడు. ఆ కోనలూ శిథిలాలూ చూసి కథ అల్లాడు కానీ, అల్లికకు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. వేషం మీద అనుమానం వస్తే నీళ్లు తెప్పించి మొహం కడిగిస్తారు. తనవాళ్లను పోల్చుకోవడానికి గుర్తుమాటలుంటాయి. పట్టుబడ్డ అయ్యారును చంపరు, ఖైదు చేస్తారు. అతడు తరువాత గెలిచినవాడి పక్షాన చేరినా ఎవరూ తప్పు పట్టరు. చునార్ రాజు శివదత్తు దగ్గర ఉన్న బద్రీనాథ్, పన్నాలాల్ వంటివాళ్లు చివరికి కథానాయకుడు వీరేంద్రసింగ్ వైపు వచ్చింది ఈ ధర్మం ప్రకారమే. అంటే నవలలో మనిషి మారవచ్చు, కానీ మారినందుకు ఒక దారీ, ఒక లెక్కా ఉంటాయి.

తెర మీదికి వచ్చేసరికి వేషం ఉంది, కట్టుబాటు పోయింది. రచయితకు ఇంతకంటే హాయి మరొకటి లేదు. నిన్నటి పాత్ర నేటి పాత్రతో పొసగకపోతే, నిన్నటివాడు వాడు కాడు. ప్రేమించినది పొరపాటైతే, ప్రేమించినవాడు వేరొకడు. మెడ దగ్గర్నుంచి తొడుగు పట్టి లాగితే కథలోని తప్పులన్నీ దాంతోపాటే ఊడి వస్తాయి. ఇర్ఫాన్ ఖాన్ ఇందులో బద్రీనాథ్‌గానూ, అతని జంట సోదరుడు సోమనాథ్‌గానూ వేశాడు. ఆ కళ్లలో ఇద్దరు మనుషులున్నారని జనం నమ్మారు. మిగతావారిలో ఒక్కరు కూడా పూర్తిగా ఉన్నట్టు నమ్మకం కలగలేదు. ఇది నటుల లోపం కాదు.

మన వర్క్‌షాపుకు బోగీ పీరియాడికల్ ఓవర్‌హాల్‌కు వస్తే చక్రాలు విప్పుతారు, తుప్పు తీస్తారు, సీట్లు మారుస్తారు, కొత్త రంగు కొడతారు. నంబరు మాత్రం అదే. ఎక్కడ ఏ తేదీన బాగు చేశారో, మళ్లీ ఎప్పుడు రావాలో పక్కన రాసి మరీ పంపుతారు. ధారావాహికలో దుష్టుడు ఏ షెడ్డుకూ పోకుండా, ఒక్క బోల్టు విప్పించుకోకుండా, వారం తిరిగేసరికి కొత్త రంగులో ప్లాట్‌ఫారం మీదికి వస్తాడు. వర్క్‌షాపువాళ్లకు కోపం వచ్చింది అందుకే. మార్పు మీద వాళ్లకు అభ్యంతరమెందుకుంటుంది? వాళ్ల జీతమే దాని మీద.

ఇక కథలోని దుష్టుడు క్రూర్‌సింగ్. అఖిలేంద్ర మిశ్రా వేసిన ఈ పాత్రకు కనుబొమలు చెవుల దాకా పోవాలని చూస్తుంటాయి, మాటకు ముందూ వెనకా 'యక్కూ' ఉంటుంది. లాలాగూడ పిల్లలు బడి మెట్ల మీద, రేషన్ క్యూలో, క్రికెట్‌లో అవుటైనప్పుడు కూడా అదే అనేవారు. ఆలంకారికులు నాయకుణ్ణి ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు తెగలు చేశారు. తమాషా ఏమిటంటే, ఈ మొత్తం కథలో స్థాయీభావం చెదరనివాడు క్రూర్‌సింగ్ ఒక్కడే. విజయగఢ్ గద్దె కావాలి, చంద్రకాంత కావాలి. మొదటి వారం అదే, ఆఖరికీ అదే. ఆ ప్రేమ ఒకవైపుదే కనుక శాస్త్రం దాన్ని రసాభాసంగా లెక్కిస్తుంది. నిజమే. అయినా నిలకడ ఉన్న రసాభాసం, నిలకడ లేని రసం కంటే చూడడానికి బాగుంటుంది.

నవలలో ఇతగాడు కథ పూర్తి కాకముందే చస్తాడు. టీవీలో జనం చంపనివ్వలేదు. ఈ వ్యాఖ్యాత పట్టు ఇక్కడే ఉంది. జనానికి నచ్చిన దుష్టుణ్ణి బతికించాలంటే వాడు ప్రతివారం తప్పించుకోవాలి. వాడు తప్పించుకోవాలంటే నాయకుడి పక్షంలో ఎవరో ఒకరు ప్రతివారం మూర్ఖులు కావాలి. నాయకుడి పక్షపు అయ్యారు తేజ్‌సింగ్ తొలి భాగాల్లో గడ్డిపోచ కదిలితే కనిపెట్టేవాడు, ఇతడే తరువాత ఎదురుగా నిలబడ్డవాణ్ణి పోల్చలేకపోయాడంటే అది అతని మతిమరుపు కాదు, క్రూర్‌సింగ్ ఆయుర్దాయం. పైగా దూరదర్శన్‌లో అనుమతి 13 వారాల చొప్పున. ఆగిపోతుందో సాగుతుందో తెలియని కథలో ఎవరి బుద్ధి ఎంతకాలం ఉంచాలో ముందే ఎలా నిర్ణయిస్తారు?

శృంగార విచారము

ప్రేమ సంగతికొస్తే, నౌగఢ్ యువరాజు వీరేంద్రసింగ్ (షాబాజ్ ఖాన్), విజయగఢ్ రాకుమారి చంద్రకాంత (శిఖా స్వరూప్) పరస్పరం అనురక్తులు. రెండు రాజ్యాలకూ పడదు. విప్రలంభాన్ని పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణ అని పెద్దలు విభజించారు. దూరదర్శన్ అయిదోది చేర్చింది: స్పాన్సర్ విప్రలంభం. నాయికను ఎవరో ఎత్తుకుపోవడం వల్ల గాక, పక్కకథలకు సమయం చాలకపోవడం వల్ల నాయికా నాయకులు వారాల తరబడి కలుసుకోలేకపోవడం దాని లక్షణం. పేరు ఆమెది, పరుగు ఇతరులది.

ఇక్కడ ఒక శంక. నవలలో వీరేంద్రసింగ్ చంద్రకాంత కోసం తపిస్తూనే, ఆపదల్లో సాయపడుతున్న ఒక వనకన్య వైపు చూపు తిప్పుతాడు. అలాంటప్పుడు అతడు ఒక్క స్త్రీయందే నిలిచిన అనుకూల నాయకుడా, పలువురిని సమంగా చూసే దక్షిణ నాయకుడా? ఓరుగల్లులో 'ప్రతాపరుద్రీయం' రాసిన విద్యానాథుణ్ణి అడగాలి, లేదా దానికి 'రత్నాపణం' అనే వ్యాఖ్య చేసిన మల్లినాథుని కొడుకు కుమారస్వామిని. సమాధానం నవలలోనే ఉంది. ఆ వనకన్య చంద్రకాంతే. కనుక ఇతనిది తెలియక పాటించిన ఏకపత్నీవ్రతం. మనసు జారింది గానీ, జారినచోట కూడా ఆమే నిలబడి పట్టుకుంది. ఖత్రీ ఈ ఒక్క వేషాన్ని ఎంత పొదుపుగా వాడుకున్నాడో చూడండి! వేషం ఇక్కడ తప్పును కప్పడానికి రాలేదు, నాయకుణ్ణి పరీక్షించడానికి వచ్చింది. బామ్మకు ఇది చెబితే, "అయితే పరీక్షలో తప్పినట్టేగా?" అంది. దీనికి శాస్త్రంలో జవాబు వెతుకుతున్నాం.

ఖత్రీని కూడా మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఓడిపోయిన శివదత్తు మొదటి నవలలో వైరాగ్యం పలుకుతాడు. తరువాయి 'చంద్రకాంతా సంతతి'లో మళ్లీ కుట్రలు. నిన్న కత్తి, నేడు కాషాయం, రేపు మళ్లీ కత్తి. తరువాయి రాయాలనుకున్న రోజునే పాత్ర నిజాయితీకి రోగం పట్టుకుంటుందన్నమాట.

మన దగ్గర ఈ తంటా రాకుండా చూసుకున్నవారు లేకపోలేదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి ఏళ్ల తరబడి సాహస ధారావాహికలు రాశారు. 'శిథిలాలయం'లో శిఖిముఖీ, విక్రమకేసరీ నెల నెలా లోయలు దాటారు, రాక్షసులతో పోరాడారు, అంతేగానీ నెలకోసారి ప్రేమలో పడలేదు. అదే ఆయన ఉపాయం: ప్రయాణం ఆగకపోతే హృదయాన్ని కదిలించే పని లేదు. విజయావారు దీనికి సరిగ్గా ఎదురుదారి పట్టారు. 'జగదేకవీరుని కథ' (1961)లో ప్రతాపుడు ఇంద్రకుమారి, నాగకుమారి, వరుణకుమారి, అగ్నికుమారి నలుగురూ కావాలని తండ్రి నిండుసభలోనే చెప్పేస్తాడు. దక్షిణ నాయకత్వం మొదటి రీలులోనే రిజిస్టరైంది. ఇక ప్రేక్షకుడికి ఫిర్యాదు ఏముంటుంది?

ఆక్షేపము

"టీవీ కథకింత శాస్త్రమెందుకు?" అని లోకో షెడ్ నుంచి ఒకరు ఆక్షేపించారు. చూసినంతసేపూ ఆనందించి లేచిపోవాలట. ఆయనే 2017లో ఒకే ఏడాది రెండు చానళ్లు రెండు కొత్త చంద్రకాంతలను దింపినప్పుడు, రెండూ మార్చి మార్చి చూసి, ఇందులో వీరేంద్రుడు అందులో వీరేంద్రుడి లాగా లేడని ఇంట్లోవాళ్లతో నెలరోజులు వాదించారు. ఆ వాదంలో క్రూర్‌సింగ్ మాట వచ్చినప్పుడు మాత్రం పాత కనుబొమల ముందు కొత్తవారెవరూ నిలవలేదని రెండు పక్షాలవారూ ఒప్పుకున్నట్టు తెలుస్తోంది.

గద్య

ఇది దక్షిణమధ్య రైల్వే క్వార్టర్స్ వరండా విద్వద్గోష్ఠీ పరిపోషిత, మేడపై యాంటెన్నా పరిభ్రమణ పరిశ్రమ పరిణత, విద్యుద్విచ్ఛేద దుఃఖ సహిష్ణు లాలాగూడ నివాసి ప్రణీతంబైన వేషధారి పద్య వ్యాఖ్యయందు సర్వంబు నేకాశ్వాసము.