అగ్గిపెట్టెలో స్టేడియం

2025 డిసెంబర్ 13 రాత్రి హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో మెస్సీ బంతి తన్నాడు. తొమ్మిదో నంబరు జెర్సీలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గోల్ కొట్టారు. ఆయన జట్టు పేరులో బొగ్గు సంస్థ సింగరేణి కూడా చేరింది. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మెస్సీ పక్కన నిలబడి ఫొటో దిగాలంటే నిర్వాహకులు చెప్పిన ధర పది లక్షలకు దగ్గర, ఆపైన జీఎస్టీ. ‘తెలంగాణ రైజింగ్’ నినాదానికి ఇంతకన్నా రుజువేం కావాలని అభిమానులు పొంగిపోయారు.

దీంతో ఒక సంగతి తేలిపోయింది. ఆటకు ముఖ్యం జెర్సీ. మైదానం సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

ఈ సూత్రం ముందుగా ముఖ్యమంత్రి సొంతగడ్డ మీదే అమలు కావాలి. ఆయన పుట్టింది నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో, చదువుకున్నది వనపర్తిలో. పక్కనే గద్వాల, అక్కడ మగ్గాలు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే గద్వాల చీర మడతపెడితే అగ్గిపెట్టెలో పడుతుందని పేరు. చీర పట్టినప్పుడు స్టేడియం పట్టదా?

నమూనా సిద్ధం. నేలకు మట్టిరంగు నూలు, ట్రాక్‌కు ఎర్ర పట్టు, ఎనిమిది లేన్లకు ఎనిమిది జరీ గీతలు. కొంగు మొత్తం వీఐపీ గ్యాలరీ. పీఈటీ సారు దాన్ని జేబులో వేసుకుని పొద్దున వనపర్తిలో ఖోఖో ఆడించి, సాయంత్రానికి నాగర్‌కర్నూల్‌లో కబడ్డీకి పరుస్తారు. వానొస్తే మడత, ఎండొస్తే పరుపు. భూసేకరణ లేదు, సర్వే నంబర్ల తగాదా లేదు, కోర్టు స్టే అసలే లేదు. ప్రమాణ స్వీకారానికి ఎల్బీ స్టేడియం దాకా పోనక్కర్లేదు, వేదిక మీదే స్టేడియాన్ని పరచుకోవచ్చు. 2036 ఒలింపిక్స్‌లో కనీసం రెండు ఈవెంట్లయినా హైదరాబాద్‌కు ఇవ్వాలని 2025 జులైలో ముఖ్యమంత్రి కేంద్రాన్ని అడిగారు కదా, వేదికనే స్పీడ్ పోస్టులో పంపితే సరి. లక్షా 32 వేల సీట్లున్నా, అదే ఒలింపిక్స్ ఆశిస్తున్న అహ్మదాబాద్ స్టేడియాన్ని ఎవరైనా జేబులో పెట్టగలరా?

సాంకేతిక అభ్యంతరం ఒక్కటే. నాలుగు వందల మీటర్ల ట్రాక్‌కు దాదాపు నాలుగెకరాలు కావాలి, చీర చూస్తే ఆరు గజాలు. పర్వాలేదు, చీర చుట్టూ ముప్పై సార్లు తిరిగితే నాలుగు వందల మీటర్లవుతుంది. తల తిరిగి పడిపోయినవాళ్లు జిమ్నాస్టిక్స్ కోటాలోకి వస్తారు.

ఇది మరీ విడ్డూరమని కొట్టిపారేసేవాళ్లు 2022లో గత ప్రభుత్వం ఊరూరా తెరిచిన తెలంగాణ క్రీడా ప్రాంగణాలను తలచుకోవాలి. అరెకరం నుంచి ఎకరం స్థలం, ఒక బోర్డు, రెండు ఇనుప బార్లు. కొన్నింటిని శ్మశానాల్లో, గుట్టబోరు మీద, చెరువు శిఖంలో పెట్టారని అప్పట్లోనే పత్రికలు ఫొటోలు వేశాయి. అగ్గిపెట్టె స్టేడియం కనీసం చనిపోయినవాళ్ల జోలికి వెళ్లదు.

నవ్వు ఇక్కడితో చాలు. గత పోలీసు నియామకాల్లో మగపిల్లలు 1600 మీటర్లు, ఆడపిల్లలు 800 మీటర్లు పరుగెత్తాల్సి వచ్చింది. అరెకరం ప్రాంగణంలో ఆ పరుగు సాధ్యమా? అందుకే పల్లెల్లో పిల్లలు తెల్లవారకముందే తారు రోడ్డెక్కుతున్నారు, లారీ లైట్లు చూసుకుని పక్కకు దూకుతున్నారు. వాళ్లు కానిస్టేబుల్ కావాలంటే ముందు రోడ్డు మీద బతికి బయటపడాలి. దీనికి సిగ్గుపడాల్సింది ఒక్క పార్టీయే కాదు. బోర్డులు పాతినవాళ్లు ఒకరు, వాటి వెనక మైదానం ఉందో లేదో చూడకుండా మెస్సీకి గడ్డి పరిచినవాళ్లు ఇంకొకరు.

పారిస్ ఒలింపిక్స్‌లో దక్షిణ కొరియాకు 32 పతకాలు, మనకు ఆరు. ఈ లెక్కను ముఖ్యమంత్రే పదేపదే చెబుతారు. మరి వాళ్ల పిల్లలు పరుగు నేర్చుకున్నది రోడ్డు మీదా? ఇప్పుడు అచ్చంపేట పక్క పల్లెలో నాలుగో తరగతి చదివే పిల్లకు 2036లో ఇరవై ఏళ్లు వస్తాయి. ఆమె ఉప్పల్‌కు రాలేదు, ఫొటో అడగలేదు. ఆమెకు కావాల్సింది చదును చేసిన నాలుగెకరాలు, రోజూ బడికొచ్చే పీఈటీ, కాలికి సరిపోయే బూట్లు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ప్రతి మండలానికీ ఇవి ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టి, వచ్చే బడ్జెట్‌లో ఆ అంకె చూపించండి.